నీడకు ధర ఎంత?

మా ఊళ్లో నా కొలువు పేరు చెబితే వచ్చే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఏ దవాఖాన్ల చేస్తున్నవ్ బిడ్డా?" ఆపరేషన్స్ రీసెర్చ్ ఇంజినీర్ అన్న మూడు మాటల్లో జనానికి వినబడేది మొదటిదే మరి. మోకాళ్ల నొప్పులకు మంచి డాక్టర్ ఎవరో చెప్పమన్నవాళ్లు కూడా ఉన్నారు. నేను ఆసుపత్రిలో కాదు, ఫ్యాక్టరీలో పనిచేస్తానంటే "అయితే కంప్యూటర్ జాబే కదా" అని తేల్చేస్తారు. మాది మంథని. అక్కడ నా పని ఏంటో ఇప్పటికీ సరిగ్గా తెలిసింది మా బాపు ఒక్కడికే. ఆయనకూ సగమే తెలుసు.

ఈ కాలమ్ చదివి మెసేజ్ పెట్టే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది అడిగేది ఒకటే. "అక్కా, ఇంజినీరింగ్ చదివి కోడింగ్ తప్ప వేరే దారి లేదా?" ఉంది. అందులో ఒకటి నా దారి. ఈ వారం దాని గురించే. మంచీ చెబుతాను, మనసు చివుక్కుమనే భాగమూ చెబుతాను.

పేరు ఎక్కడిది?

'ఆపరేషన్స్' అంటే మొదట్లో యుద్ధ కార్యకలాపాలు. 1930ల చివర్లో బ్రిటన్‌లో రాడార్లను యుద్ధానికి బాగా వాడుకోవడం ఎలా అని శాస్త్రవేత్తలను కూర్చోబెట్టారు. ఉన్న విమానాలు, ఉన్న ఓడలు, ఉన్న మనుషులతోనే ఎక్కువ ఫలితం ఎలా రాబట్టాలి అన్నది వాళ్ల పని. యుద్ధం అయిపోయింది, లెక్క మాత్రం ఫ్యాక్టరీల్లోకి వచ్చింది.

నిజానికి ఫ్యాక్టరీ లెక్క ఇంకో చోట విడిగా పుట్టింది. 1938లో సోవియట్ యూనియన్‌లో ప్లైవుడ్ పరిశ్రమ వాళ్లు కాంటొరొవిచ్ అనే కుర్ర గణిత ప్రొఫెసర్‌ను ఒక ప్రశ్న అడిగారు. రకరకాల చెక్క, రకరకాల మిషన్లు ఉన్నాయి, ఏ చెక్కను ఏ మిషన్‌కు ఇస్తే ఎక్కువ సరుకు వస్తుంది అని. దానికి ఆయన వేసిన దారే తర్వాత 'లీనియర్ ప్రోగ్రామింగ్' అయింది. 1975లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అమెరికాలో జార్జ్ డాంట్‌జిగ్ 1947లో 'సింప్లెక్స్' పద్ధతి కనిపెట్టాడు. ఇప్పటికీ మనం పరీక్షల్లో పట్టికలు గీసేది ఆయన పుణ్యమే.

ఇక మన సంగతి. దేశంలో మొదటి ఓఆర్ విభాగం 1949లో హైదరాబాద్‌లోని రీజినల్ రీసెర్చ్ లాబొరేటరీలో మొదలైందని పాఠ్యపుస్తకాలన్నీ మొదటి చాప్టర్లోనే రాస్తాయి. ఆ లాబొరేటరీయే ఇప్పుడు తార్నాకలో ఉన్న ఐఐసీటీ. ఆ రోడ్డు మీద రోజూ బస్సెక్కేవాళ్లకు కూడా ఈ ముచ్చట తెలియదు.

గేట్లా, బీరువాలా?

నా పని అర్థం కావాలంటే ఒక చిన్న వెల్డింగ్ షెడ్డు చాలు. పెద్దపల్లి రోడ్డు మీద ఒకటి ఉందనుకోండి. లెక్క కోసం అంకెలు నేనే వేస్తున్నా.

ఒక బీరువా చేస్తే లాభం 3,000. దానికి వెల్డింగ్ 6 గంటలు, కటింగ్ 2 గంటలు పడుతుంది. ఒక గేటు చేస్తే లాభం 2,000. దానికి వెల్డింగ్ 3 గంటలు, కటింగ్ 2 గంటలు. వారానికి వెల్డింగ్‌కు 48 గంటలు, కటింగ్ మిషన్‌కు 20 గంటలు ఉన్నాయి. ఓనర్ ఏం చేయాలి?

"బీరువాకే లాభం ఎక్కువ, అవే చేద్దాం" అంటే వారానికి 8 అవుతాయి. 24,000. వెల్డింగ్ టైమ్ అయిపోతుంది, కటింగ్ మిషన్ 4 గంటలు ఖాళీగా ఉంటుంది. అన్నీ గేట్లే చేస్తే 10 అవుతాయి, 20,000. అదే 6 బీరువాలు, 4 గేట్లు చేస్తే? 18,000 కూడిక 8,000, మొత్తం 26,000. రెండు చోట్లా ఒక్క గంట కూడా మిగలదు. కొత్త మిషన్ కొనలేదు, కొత్త మనిషిని పెట్టలేదు, పని కలిపే తీరు మారిందంతే.

ఇంతవరకు పరీక్షలో రాసేదే. ఉద్యోగం మొదలయ్యేది దీని తర్వాత. ఓనర్ అడుగుతాడు: "ఇంకో గంట ఓటీ చేయిస్తే ఎవరితో చేయించాలె?" చూడటానికి వెల్డింగే భారంగా ఉంది, కాబట్టి వెల్డర్‌తోనే అనిపిస్తుంది. లెక్క వేరేగా చెబుతుంది. కటింగ్ 2 గంటలు పెంచితే 5 బీరువాలు, 6 గేట్లు అయి 27,000 వస్తుంది. అంటే ఒక గంటకు 500. అదే 1,000 అదనంగా రావాలంటే వెల్డింగ్ 3 గంటలు పెంచాలి. అంటే ఒక గంటకు 333. అంగట్లో ఎక్కడా రాసి ఉండని ఈ ధరను మా భాషలో 'షాడో ప్రైస్' అంటారు. నీడ ధర అనుకోండి.

ఇప్పుడు మే నెల తెచ్చుకోండి. రామగుండం, మంథని వైపు 45 డిగ్రీలు దాటే ఎండ. రేకుల షెడ్డు కింద, నిప్పు ముందు, ముఖానికి అద్దం పెట్టుకుని వెల్డర్ నిలబడ్డాడు. మధ్యాహ్నం ఒక గంట నీడకు కూర్చోనిస్తే వారానికి 6 గంటలు పోతాయి. 48 కాస్తా 42 అవుతుంది. లెక్క మళ్లీ వేస్తే 4 బీరువాలు, 6 గేట్లు. 24,000.

అంటే ఆ నీడ ఖరీదు వారానికి 2,000 రూపాయలు. అంతే.

ఈ అంకె లేకపోతే జరిగే మాట మీకూ తెలుసు. "నీడకు కూసుంటే షెడ్డు నడుస్తదా?" అని ఒకరు, "మనిషి చచ్చిపోతడు" అని ఇంకొకరు. అంకె బల్ల మీద పెట్టాక మాట మారుతుంది. 2,000 ఎక్కువా, ఒక మనిషి వడదెబ్బ తిని వారం రోజులు మంచాన పడటం ఎక్కువా అని నేరుగా అడగొచ్చు. పొద్దున ఒక గంట ముందు మొదలుపెడితే ఆ 2,000 కూడా పోదేమో అని ఓనరే ఆలోచించడం మొదలుపెడతాడు. మోడల్‌లో రాయనిదానికి ధర సున్నా అని కంప్యూటర్ అనుకుంటుంది. దాన్ని రాయించడమే నా కొలువులో అసలు భాగం అని నేను నమ్ముతాను.

నలభై నిమిషాలు

నేను హైదరాబాద్ శివారులో బండ్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో ప్లానింగ్ విభాగంలో చేరాను. అప్పటికే అక్కడ ఒక ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉంది. రోజూ పొద్దున ఏ మిషన్ మీద ఏ భాగం ఎన్ని గంటలకు చేయాలో ప్లాన్ ఇస్తుంది. దాన్ని ప్రింట్ తీసి గోడకు అంటిస్తారు. ఎవరూ పాటించరు. ఫోర్జింగ్ సెక్షన్‌లో అయితే ఆ కాగితాన్ని మిర్చి బజ్జీలు చుట్టుకోవడానికి వాడటం నా కళ్లతో చూశాను.

మేనేజర్లు వర్కర్ల మీద పడేవాళ్లు, వర్కర్లు ప్లానింగ్ వాళ్లను తిట్టుకునేవాళ్లు. నేను స్టాప్‌వాచ్ పట్టుకుని నాలుగు రోజులు సెక్షన్‌లో నిలబడ్డాను. అక్కడ ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ఒక పెద్దాయన మొదటి రోజు నన్ను చూడనట్టే ఉన్నాడు. మూడో రోజు ఆయనే పిలిచాడు. "బిడ్డా, డై మార్చాలంటే గది చల్లారాలె గదా. కాలుతుంటే చెయ్యెట్ల పెడతం? నలభై నిమిషాలు ఆగాలె. మీ కంప్యూటర్ల ఎంత రాసిన్రు?"

చూస్తే 15 నిమిషాలని ఉంది. సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజు ఎవరో వేసిన అంకె అది, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. రోజుకు నాలుగు సార్లు డై మారుస్తారు. అంటే ప్లాన్ ప్రకారం నడవాల్సిన లైను పదింటికల్లా ఆలస్యమయ్యేది, సాయంత్రానికి గంటా నలభై నిమిషాలు వెనకబడేది. ఇక దాన్ని ఎవరు నమ్ముతారు?

అంకె మార్చాం. ఒకే డైతో అయ్యే పనులన్నీ ఒకచోట చేర్చాం. డై మార్చడం టీ, భోజనం టైములకు కలిసేలా చూశాం. చల్లారేది ఎలాగూ చల్లారుతుంది, మనుషులు ఈలోపు తిని వస్తారు. రెండు నెలలకు గోడ మీది కాగితం గోడ మీదే ఉండటం మొదలైంది. ఇందులో గొప్ప గణితం ఏమీ లేదు. కాలేజీలో సింప్లెక్స్ పట్టికకు మార్కులు వేస్తారు, ఆ పట్టికలోకి అంకె ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు. ఉద్యోగంలో నా టైము ముప్పావు వంతు ఆ రెండో ప్రశ్నకే పోతుంది.

మన చుట్టూ ఉన్నవే

ఇదంతా ఎక్కడో జరిగేది కాదు. మంథని నుంచి బస్సెక్కితే దారంతా ఇవే లెక్కలు. సింగరేణి గనుల నుంచి రామగుండం ఎన్టీపీసీకి బొగ్గు తెచ్చే రైళ్లు చూడండి. 2,600 మెగావాట్ల ఆ పాత స్టేషన్‌కు బొగ్గు 'మెర్రీ గో రౌండ్' అనే సొంత రైలు మార్గంలో వస్తుంది. వ్యాగన్లు విప్పే పని లేదు. అడుగు తలుపులు తెరుచుకుని బొగ్గు కింద పడిపోతుంది, రైలు చుట్టు తిరిగి మళ్లీ గనికి పోతుంది. ఎన్ని రైళ్లు తిప్పాలి, గని దగ్గర ఎంతసేపు ఆగాలి, ప్లాంటులో ఎన్ని రోజుల నిల్వ పెట్టాలి? రైలు తక్కువైతే బాయిలర్‌కు బొగ్గు అందదు, ఎక్కువైతే వ్యాగన్లు ఊరికే నిలబడతాయి.

కాజీపేట, బల్లార్షా లైను మీద ఇంకా పైకి పోతే కాగజ్‌నగర్. అక్కడి సిర్పూర్ పేపర్ మిల్లు లాంటి చోట ఉండే చిక్కు మా పుస్తకాల్లో చాలా ఫేమస్. 300 సెంటీమీటర్ల వెడల్పు రీలు ఉందనుకోండి. కస్టమర్లకు 110 సెంటీమీటర్లవి కొన్ని, 80 సెంటీమీటర్లవి కొన్ని కావాలి. ఒక రీలులో రెండు 110లు కోసి వదిలేస్తే 80 తుక్కు. ఇంకో రీలులో మూడు 80లు కోస్తే 60 తుక్కు. రెండు 110లు, ఒక 80 కలిపి కోస్తే తుక్కే లేదు. ఆర్డర్లు యాభై రకాలైతే చేత్తో తేలదు. దీనికి గిల్మోర్, గొమొరీ అనే ఇద్దరు 1961లో ఒక పద్ధతి రాశారు. ఇవాళ కాగితం, స్టీలు, గ్లాసు, బట్టలు కోసే పరిశ్రమల్లో దాని వారసులే నడుస్తున్నాయి.

కానీ ఇదే సిర్పూర్ మిల్లు 2014లో మూతపడింది. 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాకే మళ్లీ తెరుచుకుంది. ఆ నాలుగేళ్లు కార్మికుల ఇళ్లు ఎలా గడిచాయో కాగజ్‌నగర్‌లో ఎవరినడిగినా చెబుతారు. తుక్కు తగ్గించే లెక్క అప్పులనూ, యాజమాన్యం నిర్ణయాలనూ ఆపలేదు. మా విద్యకు ఉన్న హద్దు ఇదని గుర్తు పెట్టుకోవడం మంచిది.

హద్దు అంటే ఇంకో మాట. పీవీ నరసింహారావు 1957 నుంచి 1977 దాకా మా మంథని ఎమ్మెల్యే. ఆయన ప్రధానిగా ఉండగా 1991 జులై 24న వచ్చిన పారిశ్రామిక విధానం చాలా పరిశ్రమలకు లైసెన్సు అవసరాన్ని తీసేసింది. అంతకుముందు ఒక ఫ్యాక్టరీ ఎంత సరుకు తీయాలన్నది ఢిల్లీ ఇచ్చిన కాగితం మీద ఉండేది. తర్వాత పోటీ వచ్చింది. ఏ మిషన్ దగ్గర ఆగుతోంది, ఎక్కడ డబ్బు ఇరుక్కుపోతోంది అన్నది లోపల వెతుక్కోవాల్సి వచ్చింది. నాలాంటివాళ్లకు జీతాలు ఇచ్చే రోజులు అలా దగ్గరయ్యాయి.

అదనం: 1

చివుక్కుమనే భాగం ఉందన్నాను కదా. మా ఫ్యాక్టరీలో ఒక లైన్లో 11 మంది ఉండేవాళ్లు. "ఎంతమంది చాలో లెక్క తీయండి" అన్నారు. పని గంటల ప్రకారం తొమ్మిది మంది చాలు అని వచ్చింది. ఆ అంకె అక్కడితో ఇచ్చేస్తే రిపోర్టు ఒక్క పేజీలో అయిపోయేది. నేను ఏడాది హాజరు రిజిస్టర్ తెప్పించాను. తొమ్మిది మంది రోజూ వస్తారనుకోవడమే ఆ లెక్కలో ఉన్న లొసుగు. పెళ్లిళ్ల సీజన్ ఉంటుంది, నాట్ల రోజులు ఉంటాయి, పిల్లల జ్వరాలు ఉంటాయి. మేడారం జాతర వచ్చిన ఏడాది ఆ వారంలో సగం మంది కూడా ఉండరు. అవన్నీ కలిపితే పది కంటే తగ్గితే ఓటీ ఖర్చే ఎక్కువవుతుందని తేలింది.

పదికి ఒప్పుకున్నారు. పదకొండో మనిషి కాంట్రాక్టు వర్కర్. ఆయనను వేరే సెక్షన్‌కు మార్చవచ్చని నేను రాసిచ్చాను. అక్కడ ఖాళీ లేదన్నారు. నెలాఖరుకు ఆయన కాంట్రాక్టు ఆగిపోయింది. రిపోర్టులో ఆయన పేరు ఎక్కడా లేదు. 'అదనం: 1' అని ఉంది.

లెక్క సరైనదే, ఇవాళ మళ్లీ వేసినా అంతే వస్తుంది. అయినా ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. అప్పటి నుంచి మనుషుల సంఖ్యకు సంబంధించిన ఏ రిపోర్టులోనైనా ఒక వరుస అదనంగా పెడుతున్నా. మిగిలినవాళ్లకు ఏ పని వచ్చు, ఏది నేర్పిస్తే ఎక్కడ సర్దవచ్చు, దానికి ఎన్ని రోజులు, ఎంత ఖర్చు అని. అందరూ చదవరు. ఒకసారి చదివారు, ఇద్దరు మెయింటెనెన్స్‌లో సర్దుకున్నారు. ఈ కొలువుకు వచ్చేవాళ్లకు ముందే తెలియాలని చెబుతున్నా: మీ స్క్రీన్ మీది అంకె ఎవరింట్లోనో నెల ఖర్చు.

రావాలంటే?

మెకానికల్, ప్రొడక్షన్, మైనింగ్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, ఎటు నుంచైనా రావచ్చు. మంథని దగ్గర సెంటినరీ కాలనీలో 2010లో పెట్టిన జేఎన్‌టీయూహెచ్ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. బొగ్గు గనుల నడుమ మైనింగ్ చదివే పిల్లలకంటే ఈ సబ్జెక్టు ఎవరికి దగ్గర? గేట్ మెకానికల్ సిలబస్‌లో ఓఆర్ ఉంది. ప్రొడక్షన్ అండ్ ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌కు వేరే పేపరే ఉంది. ఐఐటీ ఖరగ్‌పూర్, ఐఐటీ బాంబేలలో దీనికి ప్రత్యేక విభాగాలున్నాయి. కోల్‌కతా ఐఎస్ఐలో క్వాలిటీ, రిలయబిలిటీ, ఓఆర్ కలిపి ఎంటెక్ ఉంది. హైదరాబాద్ హబ్సిగూడలోనూ ఐఎస్ఐ వాళ్ల ఎస్‌క్యూసీ అండ్ ఓఆర్ యూనిట్ ఉంది.

డబ్బు లేకుండా మొదలుపెట్టాలంటే ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ జి. శ్రీనివాసన్ పాఠాలు యూట్యూబ్‌లోనే ఉన్నాయి. నేను ఇప్పటికీ అప్పుడప్పుడూ చూస్తాను. ఎక్సెల్‌లో 'సాల్వర్' ఉంటుంది, పైన చెప్పిన బీరువాల లెక్క అందులో రెండు నిమిషాల పని. పైథాన్ వస్తే పల్ప్, గూగుల్ ఓఆర్-టూల్స్ ఉచితం. ల్యాప్‌టాప్ లేకపోతే కోలాబ్‌లో ఫోన్ మీదే నడపొచ్చు. కోడింగ్ నుంచి తప్పించుకుందామనుకుంటే మాత్రం కుదరదు, కొంచెమైనా రావాలి. పుస్తకాల దగ్గరికి వస్తే మిషిగన్ యూనివర్సిటీలో ఈ సబ్జెక్టు చెప్పిన కట్టా జి. మూర్తి 'లీనియర్ ప్రోగ్రామింగ్' ప్రపంచమంతా చదివింది. పేరు చూస్తేనే మనవాడని తెలిసిపోతుంది.

జాబ్ సైట్లలో 'ఆపరేషన్స్ రీసెర్చ్' అని వెతికితే తక్కువే కనబడతాయి. ప్రొడక్షన్ ప్లానింగ్, ఇండస్ట్రియల్ ఇంజినీర్, సప్లై చైన్ అనలిస్ట్, ఆప్టిమైజేషన్ అని కూడా వెతకండి. మొదటి రెండేళ్లు ఎక్కువగా రిజిస్టర్లలోని అంకెలు శుభ్రం చేయడమే పని. సాఫ్ట్‌వేర్‌లో చేరిన ఫ్రెండ్స్ జీతాలతో పోల్చుకుంటే కొన్నాళ్లు మనసు ఊరుకోదు. అమ్మాయిలకు నైట్ షిఫ్టు, క్యాబ్, ఫ్లోర్ మీద వాష్‌రూమ్ ఎంత దూరం, ఇవన్నీ ఇంటర్వ్యూలోనే అడిగేయండి. మొహమాటం వద్దు.

ఈ వారం పని

మన వైపు వడ్ల కొనుగోలు సెంటర్లు మీకు తెలుసు. కుప్పలు పోసుకుని రైతులు రోజుల తరబడి ఆగుతారు, మబ్బు పడితే టార్పాలిన్ల కోసం ఉరుకుతారు. "హమాలీలు లేరు" అని ఒకరు, "గన్నీ సంచులు రాలేదు" అని ఒకరు, "లారీలు లేవు" అని ఇంకొకరు అంటారు. ముగ్గురూ నిజమే చెబుతుండొచ్చు. కానీ ఆ రోజున ఆపుతున్నది ఒక్కటే ఉంటుంది.

జాన్ లిటిల్ అనే ఆయన 1961లో రుజువు చేసిన చిన్న సూత్రం దీనికి సరిపోతుంది. మిల్లు రోజుకు 10 లారీలు దింపుకుంటూ, గేటు బయట 30 ఆగి ఉంటే, కొత్తగా వచ్చిన లారీకి 3 రోజులు పడుతుంది. అలాంటప్పుడు సెంటర్లో ఇంకో నాలుగు కాంటాలు పెట్టినా రైతుకు ఒరిగేది ఏమీ లేదు. లారీ మిల్లు దగ్గర ఇరుక్కుంది. కావాల్సింది అక్కడ దింపేవాళ్లు.

ఈ సీజన్‌లో మీ ఊరి సెంటర్‌కు ఒక పూట వెళ్లండి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. గంటకు ఎన్ని బస్తాలు తూకం అవుతున్నాయి, లారీ పోయి రావడానికి ఎంతసేపు, మిల్లు దగ్గర ఎన్ని ఆగి ఉన్నాయి, రాసుకోండి. హమాలీ అన్నలతో, లారీ డ్రైవర్‌తో మాట్లాడండి, వాళ్లకు తెలిసింది ఏ యాప్‌లోనూ లేదు. రాసుకున్నది నాకు పంపండి. ఎవరి పేర్లూ వద్దు, అంకెలు చాలు. బాగా వచ్చిన ఒకటి రెండు తీసుకుని, ఆ ఊళ్లో లెక్క ఎక్కడ ఆగిందో వచ్చే నెల ఇక్కడే కలిసి చూద్దాం.